కుదపని సీసా

ఎలుకలకు జబ్బు రాకపోతే ఒళ్లు మండే మనిషి లోకంలో ఎవరైనా ఉన్నారంటే అది పిన్నే. "ఎలుకల పిన్ని" అని వాళ్లక్క పిల్లలు పెట్టిన పేరు ల్యాబ్ దాకా పాకింది. ఆవిడ పనల్లా ఆడ ఎలుకలకు ఒక సుఖవ్యాధి వైరస్ అంటించి, తమ టీకా దాన్ని ఆపుతుందో లేదో చూడటం. ఏ జబ్బో చెప్పడానికి నోరు రాక, వాళ్లమ్మ దగ్గర "చర్మం జబ్బమ్మా" అని ఏళ్లుగా నెట్టుకొస్తోంది.

ఈ వైరస్ ఎలుకలకు ఊరికే అంటుకోదు. ముందు హార్మోన్ ఇంజెక్షన్ ఇచ్చి వాటి ఒంటిని లొంగదీయాలి. ఈసారీ ఫలితం తేలకపోతే ఎలుకల గదిని వేరే జట్టుకిచ్చేస్తామని పైవాళ్లు తెగేసి చెప్పారు. అంటే టీకా అటకెక్కినట్టే.

ఆ ఉదయం చేతొడుగులు వేసుకుని బోనులు చూసింది. టీకా వేసిన ఎలుకలు చలాకీగా ఉన్నాయి. ప్రాణం లేచొచ్చింది. పక్క అరలో టీకా వేయనివీ అంతే చలాకీగా కాగితం ముక్కలతో గూళ్లు సర్దుకుంటున్నాయి. పిన్నికి వాటి మీద పట్టరాని కోపం వచ్చింది.

ల్యాబ్ పెద్దాయన నవ్వుతూ వచ్చాడు. "ఒక్కదానికీ పుండు లేదటగా! గెలిచాం!"

"ఏం గెలిచాం సార్? టీకా లేనివీ బానే ఉన్నాయి. అసలు జబ్బే అంటుకోలేదు."

ఆయన మొహం వాడిపోయింది. "హార్మోన్ సరిగ్గా ఇచ్చావా?"

"నా చేతుల్తో ఇచ్చాను!" అని గయ్యిమని, అలమరలోంచి హార్మోన్ సీసా తీసింది.

పైన తేటనీరు. అడుగున సుద్దలా గట్టిగా పేరుకున్న మందు. "చెయ్యి నొప్పెట్టేదాకా కుదపండి" అని కొత్తవాళ్లను రోజూ సతాయించేది తనే. ఇంజెక్షన్లిచ్చిన రోజు మాత్రం పైవాళ్లతో గొడవపడి, వాళ్లను తిట్టుకుంటూ కుదపకుండానే సిరంజీలు నింపింది. ఎలుకలకు ఎక్కింది ఉత్త నీళ్లు.

"తప్పు నాదే సార్," అంది.

సాయంత్రం బస్సులో ఉండగా వాళ్లమ్మ ఫోన్ చేసింది. "ఎలుకలెలా ఉన్నాయే?"

"ఒక్కదానికీ జబ్బు రాలేదమ్మా."

"పోనీలే తల్లీ, నోరులేని జీవాలు. చల్లగా ఉండనీ."

పనికిరాని ఎలుకల్ని చంపేస్తారని అమ్మకు ఎన్నడూ చెప్పలేదు. రేపు పొద్దున ఆ బోనులు ఖాళీ చేయాల్సింది పిన్నే. "ఊఁ" అని ఫోన్ పెట్టేసి, అందరూ చూస్తున్నా ఏడ్చేసింది.