నీలం చీర, నల్ల పొడి

మా ఆయన చేసిన పొడిలో చివరిది చిన్న గాజు సీసాలో నా దగ్గర ఉండేది. ఆయన పోయాక ఏడాదిగా దాని మూత తీయలేదు. వాడితే అయిపోతుందని భయం. అది ఉత్ప్రేరకం, పని చేసినా ఖర్చయ్యే పదార్థం కాదని నాకు తెలుసు. నేనూ ఆయనలాగే రసాయనశాస్త్రం చదివాను.

అత్తగారి ఊరు మంగళవాడలో మా చేని వేరుశనగ పొట్టుకు యూరియా, కాస్త ఇనుప లవణం కలిపి, గాలి తగలకుండా కాల్చి చేసేవాడు. ఇనుము ముద్దకట్టకూడదు. పరమాణువులు విడివిడిగా బొగ్గుకు అంటుకొని ఉండాలి. అట్లా కుదిరితే నీళ్లలోని రంగుల్ని, పురుగుమందుల్ని విరగ్గొట్టడానికి చిటికెడు చాలు. చాలాసార్లు కుదరలేదు. ఇంతకంటే అన్నం మాడ్చే కోడలు నయమని అత్త అనేది.

సంవత్సరీకం మరుసటి రోజు, మా పుట్టింటివాళ్లు నాకు పెట్టిన నీలం చీరను అత్త బకెట్లో ముంచింది. నీళ్లన్నీ నీలమయ్యాయి. అంగడివాణ్ణి కాసేపు తిట్టి, పారబోయబోయి ఆగింది.

"వాడు చేసింది నీ సంచిలో ఉండాది కదా. దీంట్లో వేయి."

అదొక్కటే మిగిలిందన్నాను.

"దాచిపెట్టుకునేదానికా వాడు చేసినాడు?"

ఆ పొడి పనిచేయాలంటే పెరాక్సైడ్ తోడుండాలి. మందుల షాపులో పుండ్లు కడగడానికి అమ్మేది తెచ్చాను. చెంబెడు నీలం నీళ్లలో అది పోసి, సీసా మూత తీసి, పొడి అంతా వేసి కలిపాను. వసారాలో కూర్చున్నాం. ఎదురుగా, ఒకప్పుడు మేము సేద్యం చేసిన చేలో, సోలార్ పలకల కింద గొర్రెలు మేస్తున్నాయి.

మధ్యాహ్నానికి పొడి అడుగుకు దిగింది. పైనీళ్లు గ్లాసులోకి వంచాను. నీలం లేదు. రంగు పోయినంత మాత్రాన బాగుపడ్డట్టు కాదని, ల్యాబులో చూడాలని చెప్పాను.

అత్త గ్లాసు ఎత్తి చూసింది. "చీర రంగు పోయిందని అంగడోణ్ణి తిట్టినాను. నీళ్ల రంగు పోతే ఎవుర్ని తిట్టల్ల?"

ఇద్దరం నవ్వాం.

అడుగున ఉన్న పొడిని ఆయన పెట్టెలోని వడపోత కాగితం మీద పోసి, కడిగి, నీడలో ఆరబెట్టాను. సాయంత్రం గీకి సీసాలో నింపాను. కొంచెం కాగితానికే అంటుకుపోయింది. మిగతాదంతా వచ్చింది.

"ఉండాది కదా," అంది అత్త.

చీరను రెండోసారి ముంచితే మళ్లీ నీలం దిగింది. ఈసారి ఆమె అడగకముందే మూత తీశాను.