ఇంటర్వెల్ లోపే పోయే దొర

మా ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు ఫిట్టరు నూకయ్యకి ఉన్నది ఒకే ఒక్క అలవాటు. మీరు ఏ కష్టం చెప్పుకున్నా సరే, "ఇదేటి కష్టం? డెన్నికర్ దొరకి ఏటైనాదో తెలుసా?" అని మొదలుపెట్టేవాడు. పంటినొప్పి అనండి, ప్రమోషన్ రాలేదనండి, పాలు విరిగిపోయాయనండి. అమెరికాలో ఉన్న ఆ దొరకి అదే కష్టం అంతకుముందే వచ్చి తీరేది.

డెన్నికర్ దొర ఎవరో మీకు తెలియకపోవడం మీ తప్పు కాదు. రాల్ఫ్ డెన్నికర్ అని అమెరికా సినిమాల్లో వేషాలు వేసేవాడు. హీరో కాదు, విలనూ కాదు. విలన్ వెనక గుర్రం పట్టుకుని నిలబడే నలుగురిలో మూడోవాడు. ఏ సినిమాలోనూ ఇంటర్వెల్ దాకా బతికి బట్టకట్టిన పాపాన పోలేదు.

రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో గురువారం సాయంత్రం ఇంగ్లీషు సినిమా వేసేవారు. వెనక కుర్చీల్లో ఆంగ్లో ఇండియన్ డ్రైవర్లూ గార్డులూ, ముందు బెంచీల మీద ట్రాఫిక్ కాలనీ నుంచి వచ్చిన మనవాళ్ళు. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు కాని నూకయ్య ఉన్నాడు కనక ఫరవాలేదు. హీరో హీరోయిన్ని ముద్దు పెట్టుకుంటున్నా నూకయ్య అటు చూసేవాడు కాదు. "అదుగో, ఎనకాతల! గుర్రం కాడ! మన దొర!" అని లేచి నిలబడేవాడు. వెనక కుర్చీల్లోంచి "సిట్ డౌన్ మ్యాన్!" అని కేకలు. ఆ కేకలు సద్దుమణిగేలోగా దొర పోయేవాడు.

"అంతమంది హీరోలుండగా వీడేం దొరికాడు నూకయ్యన్నా నీకు?" అని ఒకసారి అడిగాను. నేనప్పుడు అదే వర్క్‌షాపులో టైమాఫీసు గుమాస్తాని. మా నాన్నకి గోల్‌బజార్‌లో కిరాణా కొట్టు.

"హీరోది కష్టమేటి మూర్తిబాబూ? ఆడు గెలుస్తాడని ఆడికీ తెలుసు, మనకీ తెలుసు. ఈ దొరని సూడు. ఈ వారం పోతాడు. మల్లీ వచ్చే వారం ఠంచనుగా డ్యూటీకి వచ్చీసినాడా నేదా?"

దొర పోయిన రోజున నూకయ్య తిన్నగా ఇంట్లోకి వెళ్ళేవాడు కాదు. మైల కదా! వీధి కుళాయి దగ్గర నిలబడి భార్యను కేకేసేవాడు. దాలమ్మ బకెట్టు పట్టుకుని వచ్చేది.

"ఈ వారం కూడా పోనాడేటి?"

"పోనాడే."

"ఏటైనాది?"

"తుపాకీ గుండు."

"పోయిన వారం కొండ మీంచి పడ్డాడు. ఆడికి బొత్తిగా జాగర్త నేదు" అని విసుక్కుంటూ నెత్తిన నీళ్ళు కుమ్మరించేది. పక్క క్వార్టరు ఘోష్‌దాదా కిటికీలోంచి తల బయటపెట్టి "ఆజ్‌కేఓ మోరే గెలో?" అని, ఈ రోజూ పోయాడా అని, బెంగాలీలో పరామర్శించేవాడు. దొర చలికాలంలో పోయినప్పుడు మాత్రం నూకయ్యకి నిజంగానే దుఃఖం వచ్చేది.

ఇక దొర జీవితచరిత్ర. నూకయ్యకి ఇంగ్లీషు అక్షరం రాదు. అయినా దొర పుట్టుపూర్వోత్తరాలన్నీ కంఠతా వచ్చు. క్రేన్ డ్రైవరు గోవిందరావుని నెల్లాళ్ళు సస్పెండ్ చేశారు. నూకయ్య వెళ్ళి, దొరని సినిమా కంపెనీవాళ్ళు రెండు నెలలు గేటు బయట నిలబెట్టారనీ, దొర ఆ రెండు నెలలూ గడ్డం పెంచుకుంటే ఆ గడ్డం చూసే దొంగవేషం ఇచ్చారనీ చెప్పాడు. మా కాలనీ జోగమ్మ భర్త ముగ్గురు పిల్లల్ని వదిలేసి కాలం చేశాడు. దొర తల్లి నలుగురితో మిగిలిపోయిందని చెప్పాడు. ఈ లెక్కన దొర ఒకసారి ఒక్కగానొక్క కొడుకు, ఒకసారి నలుగురిలో చిన్నవాడు. తండ్రి మూడుసార్లు పోయాడు, ఒకసారి తాగుబోతై తిరిగొచ్చాడు. ఎవరైనా వేలు పెట్టి చూపిస్తే, "అమెరికా శానా పెద్దది బాబూ" అనేవాడు.

నా వంతు కూడా వచ్చింది. పెద్ద గుమాస్తా పరీక్ష రెండుసార్లు తప్పాను. మా కొట్టుకి పప్పు కోసం వచ్చినవాళ్ళు కూడా పప్పుతోపాటు ఫలితం అడిగేవారు. మూడోసారి రాయనని భీష్మించుకు కూర్చున్నాను. నూకయ్య మూడు రోజులు కనపడలేదు. నాలుగో రోజు టీ కొట్టు దగ్గర పట్టుకున్నాడు.

"డెన్నికర్ దొర యాక్టరు పరీచ్చ ఎన్నిసార్లు తప్పినాడో తెలుసా? మూడుసార్లు! మూడోసారి గుర్రమే నవ్వీసిందట."

"గుర్రం నవ్వడమేమిటి?"

"అమెరికా గుర్రాలు నవ్వుతాయి. నువ్వు రెండేగా తప్పినావు? ఇంకా దొరని అందుకోనేదు. బేగి కట్టీ ఫీజు."

నవ్వుకుంటూనే కట్టాను. ప్యాసయ్యాను. నూకయ్య వర్క్‌షాపంతా తిరిగి "దొర కంటే మా మూర్తిబాబే గట్టోడు" అని చెప్పుకున్నాడు. పెద్ద గుమాస్తానయ్యాక నాకు కొంచెం తలపొగరు వచ్చిందని ఇప్పుడు ఒప్పుకోవాలి. అన్నిటినీ సరిచూసే ఉద్యోగం. ఎవడి మాటయినా కాగితం మీద చూస్తే కాని నమ్మకపోవడం అలవాటయింది.

పంతొమ్మిది వందల అరవై నాలుగులో హిజ్లీలోని ఇంజనీరింగ్ కాలేజీ క్యాంపస్ నుంచి ఒక అమెరికా ప్రొఫెసరు తన దేశం వెళ్ళిపోతూ పాత పత్రికలన్నీ తూకానికి ఇచ్చేశాడు. అవి తిరిగి తిరిగి పొట్లాలు కట్టుకోవడానికి మా కొట్టుకి వచ్చాయి. ఒక ఆదివారం జీలకర్ర పొట్లం కట్టబోతూ కాగితం మీద ముఖం చూసి ఆగిపోయాను. డెన్నికర్ దొర! పక్కన రెండు వరుసల నిండా జీవితచరిత్ర.

అప్పటికి రెండేళ్ళుగా దొర మా తెర మీద కనబడటం లేదు. నూకయ్య బెంగపెట్టుకున్నాడు. ఆ కాగితం తీసుకెళ్ళి అతని చేతిలో పెట్టి, దొర క్షేమంగా ఉన్నాడని చెబితే సరిపోయేది. నేనలా చెయ్యలేదు. గురువారం ఇన్‌స్టిట్యూట్ వరండాలో ముప్ఫైమంది ముందు నిలబడి, "నూకయ్యన్నా, నీ దొర కథ అచ్చులో దొరికింది" అని తెలుగు చేస్తూ చదివాను. దొర తండ్రి పెద్ద ప్లీడరు. తల్లీ తండ్రీ నిక్షేపంగా ఉన్నారు. ఒక్కడే కొడుకు. కాలేజీలో చదివాడు, ఏ పరీక్షా తప్పలేదు. సరదాకి పదేళ్ళు సినిమాల్లో వేసి, ఇప్పుడు టెలివిజన్లో పశువుల డాక్టరు వేషం వేస్తున్నాడు.

గోవిందరావు పగలబడి నవ్వాడు. "మరి రెండు నెల్లు గేటు కాడ నిలబడ్డాడన్నావు! గడ్డం పెంచినాడన్నావు!" అందరూ నవ్వారు. జోగమ్మ ఒక్కతే నవ్వలేదు. నా తెలుగుసేత బాగుందన్న సంతోషంలో నేనది పట్టించుకోలేదు.

నూకయ్య ఆ కాగితం అందుకుని బొమ్మకేసి చూశాడు. "టెలివిజనంటే ఏటి బాబూ?"

"ఇంట్లో పెట్టుకునే పెట్టె. అందులో బొమ్మలొస్తాయి."

"ఆ పెట్టెలో కూడా సచ్చిపోతాడేటి?"

"లేదు. మూడేళ్ళుగా ప్రతివారం బతికే ఉన్నాడట."

"పోన్లే" అన్నాడు నూకయ్య. "దాలమ్మకి నీల్లు కలిసొస్తాయి." అని సినిమా చూడకుండానే ఇంటికి వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచి దొర ఊసు మానేశాడు. వర్క్‌షాపులో సుత్తుల మోత అలాగే ఉంది కాని, నాకు మాత్రం ఏదో మిషను ఆగిపోయినట్టుండేది. మరుసటేడు మా ఆవిడ రాజ్యలక్ష్మికి టైఫాయిడ్ వచ్చింది. ఇరవై రోజులు మూసిన కన్ను తెరవలేదు. నూకయ్య వచ్చాడు. బార్లీ డబ్బా గూట్లో పెట్టి కూర్చున్నాడు. ఇప్పుడు చెబుతాడు, దొర భార్యకి ఏమైందో చెబుతాడు అని అతని నోటికేసే చూస్తున్నాను. నూకయ్య నోరు తెరిచాడు, నన్ను చూశాడు, మూసుకున్నాడు. "వస్తాను బాబూ" అని వెళ్ళిపోయాడు. ఆమె కోలుకుంది, అది వేరే సంగతి. ఆ పూట నాకు రావలసిన కథ నా చేతులారా పోగొట్టుకున్నాను.

అరవై ఆరులో సుందర్ రాజు సంగతి జరిగింది. అతను మా ట్రాఫిక్ కాలనీ భజనలో హార్మోనియం వాయించేవాడు. తమ్ముడి చెరకురసం మిషన్లో చెయ్యి పెట్టి రెండు వేళ్ళు పోగొట్టుకున్నాడు. హార్మోనియం మీద దుప్పటి కప్పేసి, గోడకేసి తిరిగి పడుకున్నాడు. అన్నం సయించదు, ఎవరితో మాటలేదు. అప్పుడు దాలమ్మ మా కొట్టుకి వచ్చింది. సరుకులకి కాదు.

"మూర్తిబాబూ, మా వోడిని సుందర్ రాజు కాడికి ఎల్లమంటే ఎల్లడు. 'నా కాడ ఏటున్నాదే, అచ్చులో నేదు కదా' అంటాడు."

"అవన్నీ కల్పించినవే కదా దాలమ్మా" అన్నాను, తల దించుకుని.

"కల్పిస్తే ఊరికే వస్తాయేటి? ఎవులికి కష్టం వచ్చినా కూడు మానేసి ఆలోసించీవోడు. నీ పరీచ్చకి మూడు రోజులు కూకున్నాడు. 'మూర్తిబాబు రెండుసార్లు తప్పినాడు. దొర మూడుసార్లు తప్పాల. దొర కష్టం ఎప్పుడూ మనకంటే ఒకటెక్కువుండాలే, అప్పుడే మడిసి లెగుస్తాడు' అన్నాడు. ఆ గుర్రం నవ్వడం నాను సెప్పిందే!"

నేను చేతిలోని తూకంరాయి కింద పెట్టి లెక్కవేశాను. గోవిందరావుకి నెల, దొరకి రెండు. జోగమ్మకి ముగ్గురు, దొర తల్లికి నలుగురు. లెక్కలు సరిచూసే నాకు ఆ లెక్క అన్నేళ్ళూ తట్టలేదు. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి, ఇంటర్వెల్ లోపే.

పాత పత్రికల కట్ట విప్పి, ఏదో ఇంగ్లీషు కాగితం ఒకటి తీసుకుని నూకయ్య ఇంటికి పరిగెత్తాను. అది కుట్టుమిషన్ల ప్రకటన.

"నూకయ్యన్నా, పొరపాటైపోయింది. దొర కథకి రెండో పేజీ ఉంది. జీలకర్ర పొట్లానికి పోయిందనుకున్నాను, ఇవాళే దొరికింది. చిన్నప్పుడు దొరకి వేళ్ళు తెగాయట. రెండు."

నూకయ్య కాగితాన్ని చూశాడు. అందులో కుట్టుమిషను ఎంత పెద్దదో అతనికీ కనిపించే ఉంటుంది. నన్ను చూశాడు.

"రెండేటి బాబూ? సరిగ్గా సూడు."

కాగితం దగ్గరగా పెట్టుకుని చూశాను. "అవునన్నా. మూడే."

"నాకు తెలుసు" అని చొక్కా తొడుక్కున్నాడు.

మూడు వారాలకి సుందర్ రాజు భజనలో హార్మోనియం ముందు కూర్చున్నాడు. తప్పులు వాయించాడు కాని, వాయించాడు. ఆపైన ఇన్‌స్టిట్యూట్‌లో ఒక పాత సినిమా వేస్తే, దొర తెర మీదికి రాగానే సుందర్ రాజు లేచి నిలబడి వేళ్ళు లెక్కపెట్టాడు. "నూకయ్యన్నా, అయిదూ ఉన్నాయి!" "అయి రబ్బరువి. అమెరికాలో దొరుకుతాయి, కూకో!" అన్నాడు నూకయ్య. ఆ రాత్రి కుళాయి దగ్గర మళ్ళీ నీళ్ళ చప్పుడు వినిపించింది.

అయినా ఆ రెండేళ్ళూ నేను తిరిగి ఇవ్వలేకపోయాను. ఆ రెండేళ్ళలో ఎంతమందికి కథ అందకుండా పోయిందో నాకు తెలియదు. తప్పయిందని నూకయ్యతో నోరువిప్పి చెప్పనూ లేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటుండగానే డెబ్బై మూడులో గుండెపోటుతో పోయాడు. రిటైరవడానికి ఇంకా నాలుగు నెలలున్నాయి.

పన్నెండో రోజు కర్మ అయ్యాక దాలమ్మని చూడటానికి వెళ్ళాను. నోటికొచ్చింది మొదలుపెట్టాను. "దాలమ్మా, డెన్నికర్ దొర భార్యకి ఏమైందో తెలుసా?"

దాలమ్మ కళ్ళు తుడుచుకుని సర్దుకు కూర్చుంది. "ఆయమ్మకీ పెనిమిటి పోనాడేటి?"

"పోయాడు."

"అది సమానమే కదా బాబూ. ఒకటెక్కువుండాల. ఏటెక్కువ?"

ఆలోచించాను. మూడు రోజులు పట్టే పని అది, నాకు మూడు నిమిషాలు కూడా లేవు. "ఆ దొర ఇంట్లో నోరు విప్పేవాడు కాదట. పెళ్ళానికి ఒక్క కథ కూడా చెప్పలేదట, బతికినన్నాళ్ళూ."

దాలమ్మ నాకేసి ఎగాదిగా చూసింది. "అది కష్టమేటి బాబూ? సుకం కాదేటి! ఇరవై యేళ్ళు ఆ గుర్రాలూ, ఆ గడ్డాలూ ఇన్నాను నాను!" అని పకపకా నవ్వింది. నవ్వి నవ్వి ఆగాక, "నీకు కథలు సెప్పడం రాదు బాబూ. రేపు సాయంత్రం రా. గుర్రాన్ని ఎక్కడ పెట్టాలో నాను సెప్తాను" అంది.