రైట్ చెప్పడం రాని కారు

"రైట్" అన్న మాట చెవిన పడందే మా బాబాయి బండి కదపడు. ఎవరు పడితే వాళ్ళు అంటే కుదరదు, మా పిన్ని అనాలి. ఆయన ముప్పై ఏళ్ళు సిటీ బస్సు నడిపాడు. అందులో ఇరవై ఆరేళ్ళు ఆ బస్సుకి కండక్టరు మా పిన్నే. పిన్ని వెనక మెట్టు మీద నిలబడి "రైట్ రైట్" అంటే బస్సు కదిలేది, "హోల్డాన్" అంటే ఆగేది. ఇంట్లో ఒకరినొకరు నానా మాటలూ అనుకునే మొగుడూ పెళ్ళాలు బస్సెక్కగానే "డ్రైవరుగారూ", "కండక్టరుగారూ" అయిపోయేవాళ్ళు. ఒకరోజు పొద్దున్నే ఇంట్లో పోట్లాడుకుని డ్యూటీకి వెళ్ళారట. ఆ రోజు పిన్ని చెప్పిన ప్రతి "రైట్"కీ సీట్లలో కూర్చున్నవాళ్ళు కూడా ఉలిక్కిపడి లేచి నిలబడ్డారని బాబాయే చెప్పాడు.

రిటైరయ్యాకైనా ఈ అలవాటు పోవాలా వద్దా? పోలేదు. లిఫ్టెక్కితే మీట మీద వేలు పెట్టి పిన్ని వైపు చూస్తాడు. పిన్ని సంచిలో ఏదో వెతుక్కుంటూనే "రైట్" అంటుంది, అప్పుడు నొక్కుతాడు. మనవరాలిని ఉయ్యాలలో కూర్చోబెట్టి ఊపమంటే తాడు పట్టుకుని నిలబడతాడు. పిల్ల రాగం తీస్తుంది. వంటింట్లోంచి "రైట్" వినపడితే గానీ ఉయ్యాల ఊగదు. నేను ఉండబట్టలేక, మరి నువ్వొక్కడివే వెళ్ళేటప్పుడు ఎవరు చెబుతారు బాబాయ్ అని ఒకసారి అడిగాను. "ఖాళీ బండి డిపోకి పోతుంటే రైట్ ఎందుకురా" అన్నాడు, ఆ మాత్రం తెలియదా అన్నట్టు.

ఇలా ఉండగా ఈ ఏడు మొదట్లో పిన్నికి గొంతులో చిన్న గడ్డ తేలి ఆపరేషన్ చేశారు. ప్రమాదమేమీ లేదన్నారు, లేదు కూడా. కాకపోతే గొంతు బొంగురుపోయింది. ఎనభై మంది కిక్కిరిసిన బస్సులో చివరి సీటు దాకా వినపడే గొంతు అది. కట్లు విప్పాక తన మాట తనకే వినపడేసరికి పిన్ని ఠక్కున నోరు మూసుకుంది. ఒక పలక కొనిపించుకుంది. అన్నం పెట్టనా అని పలక మీద రాసి చూపించేది. గొంతు బాగానే ఉందమ్మా, వాడాలి, రోజూ మాట్లాడాలి, లేకపోతే ఈ మౌనమే అలవాటైపోతుంది అని డాక్టరు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. పిన్ని తల ఊపింది గానీ నోరు విప్పలేదు. నాలుగు నెలలు గడిచాయి. కూతురు ఫోన్ చేస్తే ఫోన్ బాబాయి చేతికిచ్చి పక్కకి తప్పుకునేది.

ఆ కూతురు, అంటే మా అక్క, వేరే ఊళ్ళో లెక్కల టీచరు. తల్లిని మాటిమాటికీ ఆస్పత్రికి తిప్పాలి కదా అని తండ్రికి కొత్త కారు కొని పంపింది. మామూలు కారు కాదది. డ్రైవరుకి సాయం చేస్తుందట. చుట్టూ కెమెరాలు, ముందొక రాడారు, మాట్లాడటానికి లోపల ఒక ఆడగొంతు. అక్క ఆ గొంతును తెలుగులోకి మార్చింది. అన్నిటికంటే ముఖ్యమైన సంగతి, బాబాయి ఎలా నడిపాడో లెక్కగట్టి ఆ కారు ప్రతి ఆదివారం సాయంత్రం అక్కకి మార్కులు పంపుతుంది. అరవై వస్తే పాస్. వరసగా మూడు వారాలు తప్పితే బాబాయి తాళం అప్పజెప్పాలి, జీతానికి డ్రైవరును పెడతారు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, నా భయం నాది అంది అక్క. పక్క వీధిలో ఉన్నందుకు ఈ పరీక్షకి ఇన్విజిలేటరుగా నన్ను వేసింది. నా సంగతి తెలిసిన వాళ్ళు నవ్వుకోవచ్చు. నేను డ్రైవింగు టెస్టు రెండుసార్లు తప్పినవాణ్ణి.

మొదటి రోజే రంగం వేడెక్కింది. వీధి మలుపులో చెత్తకుండీ తప్పించడానికి బాబాయి తెల్లగీత కాస్త దాటాడు. "మీరు వరుస తప్పుతున్నారు" అంది కారు.

బాబాయి బండి పక్కకి తీసి ఆపేశాడు. మొహం ఎర్రబడింది. "ఏమందిరా అది?"

"వరుస అంటే రోడ్డు మీద గీత బాబాయ్."

"నలభై ఏళ్ళ కాపురంలో నేను వరుస తప్పానని ఒక్కరు అనలేదు. పెళ్ళాం పక్కన కూర్చుని ఉండగా అనే మాటేనా అది?"

పిన్ని పలక మీద ఏదో రాసి, నవ్వు ఆపుకుంటూ తనే చెరిపేసింది.

ఆ తర్వాత బజారు వీధిలో ఉన్నట్టుండి "వేగం ముప్పైకి తగ్గించండి" అని కారు గోల పెట్టింది. చూస్తే అక్కడ వేగం బోర్డేమీ లేదు. బట్టల కొట్టు ముందు "30 శాతం తగ్గింపు" అని గుండ్రటి ఎర్ర బోర్డు వేలాడుతోంది. చీరల ధర తగ్గిస్తే నా స్పీడు ఎందుకు తగ్గాలిరా అని బాబాయి నన్ను నిలదీశాడు, అదేదో నేనే వేలాడదీసినట్టు. మరో వీధిలో గోతిని తప్పించబోతే స్టీరింగు దానంతటదే వెనక్కి తిరిగి బండిని సరిగ్గా గోతిలోకి దింపింది. ఇంటి గేటు ముందు రివర్సు చేస్తుంటే ఆరేసిన దుప్పటిని చూసి జడుసుకుని బ్రేకు వేసుకుంది. ఇవన్నీ ఒక ఎత్తు. పొద్దున్న పదింటికి, స్నానం చేసి నిగనిగలాడుతూ బయల్దేరిన మనిషిని పట్టుకుని, "మీరు అలసిపోయినట్టున్నారు, కాఫీ తాగి విశ్రాంతి తీసుకోండి" అనడం ఒక ఎత్తు. ఆ రోజు బాబాయి కాఫీ మానేశాడు.

ఆ గొంతుకి ఆయన "చెకింగు" అని పేరు పెట్టాడు. బస్సుల్లో దారి మధ్యలో ఎక్కి తప్పులు పట్టే ఇన్‌స్పెక్టర్లు ఉంటారే, వాళ్ళన్నమాట. చెకింగు ఏమన్నా వినాలి, రాసుకుంటే రాసుకోనివ్వాలి, ఎదురు చెప్పకూడదు. కానీ చెకింగు మాట మీద బండి మాత్రం కదలదు, అది కండక్టరు పని. అసలు చిక్కు ఇక్కడే వచ్చింది. సిగ్నల్లో పచ్చదీపం వెలిగి ముందు బండి వెళ్ళిపోగానే కారు "ముందున్న వాహనం కదిలింది" అంటుంది. బాబాయి కదలడు. పక్కకి తిరిగి పిన్నిని చూస్తాడు.

పిన్ని ముందున్న డాష్‌బోర్డు మీద రెండుసార్లు తడుతుంది. బస్సులో గొంతు అరిగిపోయిన రోజుల్లో రేకు మీద రెండు దెబ్బలు కొట్టినా రైట్ కిందే లెక్క. ఈయన మాత్రం "వానేమైనా పడుతోందా?" అంటూ అద్దంలోంచి ఆకాశంలోకి చూస్తాడు. పిన్ని "రైట్" అని పలక మీద రాసి ఎత్తి చూపిస్తుంది. ఈయన రోడ్డు మీంచి చూపు తిప్పడు. వెనక హారన్లు హోరెత్తుతాయి. ఒకసారి వెనక సీట్లోంచి నేనే "రైట్" అన్నాను. "నీకు కండక్టరు బ్యాడ్జీ ఉందా?" అని అడిగాడు. చివరికి దీపం మళ్ళీ ఎర్రబడే ముందు, ఒక్క క్షణంలో దూకించి దాటేసేవాడు. కారు ఆలస్యంగా కదిలినందుకొకసారి, గబుక్కున దూకినందుకొకసారి మార్కులు కోసేది. మొదటి వారం నలభై ఒకటి. రెండో వారం ముప్పై ఎనిమిది.

నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్ళు మండింది. గొంతు పెగలని ఆడమనిషి చేత ఆ మాట అనిపించాలని పంతమేమిటి? వయసు మీద పడి బుర్ర పనిచెయ్యడం లేదని అక్క అంటే కాదనలేకపోయాను. మూడో వారం శుక్రవారం, ఏదైనా దారి దొరుకుతుందేమోనని, అక్క నా ఫోన్లోనూ పెట్టిన ఆ మార్కుల జాబితా తెరిచాను. వేలు ఎక్కడో తగిలి మూడు వారాల మార్కులూ ప్రయాణాల వారీగా విడివిడిగా వచ్చాయి. అక్కా నేనూ ఎప్పుడూ కింద మొత్తమే చూశాం, పైన పద్దులు చూడలేదు. కూరల బజారుకి ఒక్కడే వెళ్ళిన రోజు తొంభై ఏడు. మందుల షాపుకి ఒక్కడే, తొంభై ఎనిమిది. నన్ను స్టేషన్లో దింపి వచ్చిన రోజు, తొంభై ఆరు. పిన్నితో ఆస్పత్రికి, ఇరవై రెండు. పిన్నితో ఆస్పత్రికి, పంతొమ్మిది.

ఫోన్ పట్టుకుని తిన్నగా వాళ్ళింటికి వెళ్ళాను. బాబాయి పెరట్లో కారు అద్దం తుడుస్తున్నాడు. అంకెలు చూపించాను. ఆయన చూసి, రెండు మార్కులు ఎక్కడ పోయాయో అని గొణుక్కున్నాడు. తర్వాత, పిన్ని వంటింట్లో ఉందో లేదో ఒకసారి తొంగి చూసి, గొంతు తగ్గించాడు.

"ఇంట్లో ఎక్కడికెళ్ళినా దానికి పలక ఉందిరా. వంటింట్లో ఉంది, మంచం దగ్గర ఉంది, గేటు దగ్గర కూడా ఒకటి పెట్టుకుంది. అంతా వెతికాను. పలక పనికిరాని చోటు ఇదొక్కటే. నడిపేవాడు రోడ్డు చూడాలి గానీ పలక చదవకూడదు కదా."

"ఈ ఆదివారంతో తాళం పోతుంది బాబాయ్."

"పోతే పోనీ. బస్సు తాళం ఇచ్చి రాలేదూ? కండక్టరు లేకుండా నడిపి ఏం చేస్తాం."

ఇన్నాళ్ళూ లోపల తిట్టుకున్న తిట్లన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది. ఇంకో గుడ్డ తీసుకుని రెండో వైపు అద్దం తుడిచాను.

మర్నాడు శనివారం, ఆస్పత్రికి ఆ వారంలో ఆఖరి ప్రయాణం. నేనూ వెనక కూర్చున్నాను. పెద్ద కూడలి సిగ్నల్లో పచ్చదీపం వెలిగింది. ముందు బండి వెళ్ళిపోయింది. కారు చెప్పాల్సింది చెప్పింది. "కండక్టరుగారూ" అన్నాడు బాబాయి మెల్లిగా. పిన్ని రెండుసార్లు తట్టింది. ఆయన కదల్లేదు. వెనక వరస మొత్తం హారన్లు కొట్టింది. పిన్ని ఈసారి గట్టిగా తట్టింది. ఆయన చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి గానీ కాలు బ్రేకు మీంచి లేవలేదు. దీపం ఎర్రబడింది, మళ్ళీ పచ్చబడింది. ఈసారి ఆయన దూకించలేదు. అటునుంచి ట్రాఫిక్ కానిస్టేబులు మావైపు నడవడం మొదలుపెట్టాడు.

"డ్రైవరు స్పందించడం లేదు. అత్యవసర నంబరుకు ఫోన్ చేస్తున్నాను" అంది కారు. ఆ నంబరు అక్కది.

అక్క గొంతు కారంతా మోగింది. ఏమైంది నాన్నా, బాగానే ఉన్నావా అని కంగారుగా అడిగింది. బాగానే ఉన్నానమ్మా, సిగ్నల్లో ఉన్నాను అన్నాడు. అక్క ఊపిరి పీల్చుకుంది, ఆ వెంటనే కోపం వచ్చింది. నాకింక గుండె దడ పడే ఓపిక లేదు, ఆదివారం దాకా ఎందుకు, తాళం ఇవాళే తమ్ముడి చేతికి ఇచ్చెయ్ అంది. బాబాయి "సరేనమ్మా, ఇచ్చేస్తాను" అన్నాడు. వాదించలేదు. పిన్ని చటుక్కున ఆయన మొహంలోకి చూసింది. పలక అందుకుంది. అందుకుని ఆగిపోయింది. ఫోన్లో ఉన్న మనిషికి పలక చూపించి లాభమేముంది?

"ఇవ్వరు" అంది పిన్ని.

ఆ గొంతు గరగరలాడింది, సగంలో విరిగింది. కానీ మాట స్పష్టంగా వచ్చింది.

"తాళం ఇవ్వరు. ఆయన తప్పేముందే? రైట్ చెప్పాల్సింది నేను, చెప్పలేదు. కండక్టరు చెప్పకుండా బండి కదిపితే, మెట్టు మీద మనిషి పడిపోతే ఎవరే దిక్కు?" దగ్గొచ్చింది. దగ్గి, ఇటు తిరిగింది. "మీరేం చూస్తున్నారు నా మొహం? రైట్, పోనివ్వండి. ఊరంతా తిడుతోంది."

బాబాయి గేరు మార్చాడు. సరిగ్గా అప్పుడే దీపం మళ్ళీ ఎర్రబడింది. "హోల్డాన్, హోల్డాన్" అని పిన్ని ఆయన మోచెయ్యి పట్టుకుంది. కిటికీ దగ్గరికొచ్చిన కానిస్టేబులు, బండి పాడైందా అని అడిగాడు. బాబాయి కళ్ళు తుడుచుకుంటూ, ఇప్పుడే బాగైంది సార్ అన్నాడు. నేను ముక్కు చీదుకుంటూ అటు తిరిగాను. అక్క మాత్రం ఫోన్ పెట్టలేదు. అమ్మా, ఇంకేమైనా అను, తిట్టు పోనీ, అని అడుగుతూనే ఉంది. పిన్నికి అంత కంటే ఏం కావాలి? నాలుగు నెలల బాకీ ఉందేమో, ఆస్పత్రి దాకా ఆపలేదు. మధ్యలో కారు "క్షమించండి, మీ ఆదేశం అర్థం కాలేదు" అంది. నీకు కాదులే చెప్పింది, నీ పని నువ్వు చూసుకో అని దాన్ని కూడా కసిరింది.

ఆ ప్రయాణానికి బాబాయికి నాలుగు మార్కులొచ్చాయి. ఆదివారం సాయంత్రం మొత్తం యాభై రెండుగా తేలింది. అక్క ఫోన్ చేసింది. ప్రశ్నపత్రంలో సిలబస్‌లో లేని ప్రశ్న పడితే, ఆ మార్కులు రాసినవాళ్ళందరికీ కలపడం మా స్కూల్లో పద్ధతి అంది. ఎనిమిది కలిపి అరవై చేసింది. బాబాయి ఒప్పుకోలేదు. ఆ ఎనిమిదీ మీ అమ్మవి, నావి కావు, ఊరికే వచ్చిన మార్కులు నాకొద్దు అన్నాడు. తండ్రీ కూతుళ్ళు పావుగంట వాదించుకున్నారు. వంటింట్లోంచి పిన్ని, ఆ బొంగురు గొంతుతోనే, మార్కులు తర్వాత పంచుకోండి, ముందు లేచి కంచాలు పెట్టండి అని కేకేసింది. బాబాయి మారుమాట్లాడకుండా లేచాడు.