సద్దిసంచులు దులిపే సాయంత్రాలు

మొన్న మాచర్ల నుంచి గురజాల వస్తుంటే బస్సు కిక్కిరిసి ఉంది. నా ముందు నిలబడిన ఒకావిడ చేతికి తెల్లగాజుల వరస చూసి కండక్టరు, "ఏయ్ లంబాడీ, లోపలికి జరుగు" అన్నాడు. ఆవిడ జరగలేదు. "టిక్కెట్టు మీద ఆ మాట రాసుందా అన్నా? చూసి చెప్పు" అంది. బస్సంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ పిలుపు నా నోట్లోనూ చాలా ఏళ్ళు ఉంది.

అక్షరాలు నేను నలభై దాటాక నేర్చుకున్నాను. అంతకుముందు నా దగ్గరున్న మాటలన్నీ చెవిన పడ్డవే, అందులోనూ సగం మా అత్త నోటివి. మా ఊళ్ళో వరస కలపని మనిషి ఉండేవాడు కాదు. గాజులమ్మే సాయిబు మాకు మామ. రోలుకు గంట్లు కొట్టే ముసలాయన తాత. ఆఖరికి మాతో మాటల్లేని పక్కింటావిడను తిట్టేటప్పుడు కూడా "వదినా" అనే మొదలుపెట్టేవాళ్ళం. ఊరి పక్క లంబాడీ తండావాళ్ళకు మాత్రం వరస లేదు. పది మంది వచ్చినా అందరికీ ఒకటే పిలుపు. వాళ్ళలో వాళ్ళు గోర్ అనుకుంటారనీ, కాగితాల్లో సుగాలీలని రాస్తారనీ నాకు చాలా కాలానికి గాని తెలియలేదు. తెలుసుకోవాలని తోచనూ లేదు.

ఎనభైల్లో ఒక ఏడు. మా ఆయన రాళ్ళ లారీ మీద తిరుగుతుండేవాడు. కౌలుకు తీసుకున్న రెండెకరాల మిరప నా మీదా అత్త మీదా పడింది. కోతకు మా వీధి ఆడవాళ్ళు ఐదుగురు, తండా నుంచి పది మంది వచ్చేవాళ్ళు. పండుమిరప ఘాటుకు పొద్దున్నుంచి తుమ్ములే. సాయంత్రం గట్టు మీద మా అత్త నిలబడి, ఇంటికి పోయే తండావాళ్ళ సద్దిసంచులు ఒక్కొక్కటే తిరగేసి దులిపేది. మా వీధివాళ్ళను "పోండమ్మా, పొద్దుపోయింది" అని పంపేసేది. అందరి పొలాల్లోనూ అదే ఆనవాయితీ. నేనూ పక్కన నిలబడి వాళ్ళ చేతులకేసి చూస్తూ ఉండేదాన్ని.

రెండో కోత మొదలైన రోజు నీళ్ళ చెంబు కనపడలేదు. ఇత్తడిది, అత్త పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. ఆ సాయంత్రం తండా గుంపులో పెద్దది, నాకంటే పదేళ్ళు పైబడ్డది, సంచి ఇవ్వనంది. ఇప్పుడు ఆవిడ అని రాస్తున్నాను గాని అప్పుడు మా నోట "అది".

"ఏందే నీ నీలుగుడు? సంచి ఇటియ్యి" అంది అత్త.

"మీ ఈదోళ్ళయి దులిపినాక నాది దులుపుకో."

"చూశావా ఏమే, చెంబు దాంట్లోనే ఉంది" అని అత్త నా వైపు తిరిగింది.

నాకూ అదే అనిపించింది. లేకపోతే ఎందుకు దాస్తుంది? సంచి పట్టుకుని లాగాను. ఆవిడ వదల్లేదు. అరవలేదు కూడా. వెనక్కి తిరిగి తమ భాషలో ఏదో అంటే, పది మందీ గట్టు మీద కూర్చున్నారు. "రేపు రాం" అంది. పడమర మబ్బు పట్టి ఉంది. చెట్టు మీద పండిన కాయ వానకు తడిస్తే మచ్చపడుతుంది, ఆ ఏటి కష్టమంతా పోతుంది. అత్తకు రోషం, నాకు భయం. ఆ భయంతోనే, ఇంకా పోకుండా చూస్తున్న మా వీధి పిన్ని దగ్గరికి పోయి, ఆవిడ అడిగినట్టే చేసి వాళ్ళను రేపు రప్పించుకుందామని, పిన్ని సంచి తిరగేశాను.

గుప్పెడు పండుమిరప రాలింది.

"కూరకే అమ్మాయ్!" అంది పిన్ని. "దీనిక్కూడా పంచాయితీనా?" మా వాళ్ళంతా నవ్వారు. రోజూ అందరూ పట్టుకెళ్ళేదే. నాకూ తెలిసిందే.

అప్పుడు తండా ఆవిడ లేచి, తన సంచి తనే తిరగేసింది. జొన్నరొట్టె ముక్క, పాత గుడ్డ, గుప్పెడు పండుమిరప. చెంబు లేదు.

"మాదీ కూరకేనమ్మా" అంది.

ఎవరూ నవ్వలేదు. ఆ కాయల్ని నేనే ఏరి ఆవిడ సంచిలో వేశాను. "నిన్నేమని పిలవాలి?" అని అడిగాను. "నాకు పేరుంది. మూడేళ్ళ నుంచి వస్తన్నా, అడిగినావా ఎప్పుడన్నా?" అంది. అడగలేదు. తనే పేరు చెప్పింది. "అక్కా అననా?" అన్నాను. "అంటే అను. అక్క సంచి దులపమాక" అంది.

మర్నాడు వచ్చారు. నేను దులపనివ్వలేదు. అత్త నాతో వారం మాట్లాడలేదు. చెంబు దొరకనే లేదు, తండావాళ్ళే తీశారని ఆమె పోయేదాకా నమ్మింది. నాకూ ఒకటి రెండుసార్లు అనిపించింది, అబద్ధమెందుకు. అక్క కూడా నన్ను నమ్మలేదు. రోజూ పోయేముందు గట్టు మీద ఆగి, సంచి ముందుకు చాపి, నా చెయ్యి కదులుతుందేమోనని చూసేది. ఆఖరి కోత చివరి సాయంత్రం మాత్రం ఆగకుండా, సంచి భుజాన వేసుకుని, పక్కావిడతో ఏదో చెబుతూ నా ముందు నుంచే నడిచి వెళ్ళిపోయింది. మాట మార్చుకోవడానికి నాకు ఒక్క పూట పట్టింది. ఆ మాటను నమ్మడానికి ఆవిడకు పంటకాలం పట్టింది. అన్నేళ్ళు సంచులు దులిపిన మా ఇంటికి అది తక్కువ కాలమే.