కోడి బతికితే కోడినిస్తానని

మా అత్తకు నన్ను చూస్తే పని గుర్తొచ్చేది, కోడిని చూస్తే ప్రేమ పుట్టుకొచ్చేది. నన్ను "ఏమే" అని పిలిచేది, కోడిని "బిడ్డా" అనేది. భివండీ పద్మనగర్‌లో, వరస గదుల చాల్‌లో మాకున్నది ఒక్క గది. అందులో నలుగురం ఉండేవాళ్లం: అత్త, నా భర్త, నేను, ఆ కోడి. కోడికి మంచం కింద సొంత గంప ఉండేది. నాకంటూ ఆ ఇంట్లో ఒక మూల కూడా లేదు.

తొంభైల చివర్లో అనుకుంటా, అత్త తమ్ముడి మనవరాలి పెళ్లికని కరీంనగర్ దగ్గరున్న ఊరికి బయలుదేరింది. బస్సు మెట్టు మీద నిలబడి నాకు అప్పగింతలు పెట్టింది.

"జొన్నలు నానబెట్టి ఎయ్యి. కార్ఖానా దిక్కు పోనియ్యకు. నేనొచ్చేటాల్లకు దాని ఈక గూడ రాలద్దు."

"మరి నీ కొడుకు?" అన్నాను.

"ఆడు తింటడు తియ్" అని లోపలికెళ్లి కూర్చుంది.

పోనియ్యవద్దన్న కార్ఖానా మా గోడకు అవతలే ఉంది. నా భర్త నడిపే సాంచాలు, అంటే మరమగ్గాలు, అందులోనే పొద్దంతా దడదడలాడేవి. ఆ వరసలో అన్నీ కార్ఖానాలే. కోడిని వాటివైపు పోనివ్వకుండా ఉండాలంటే నేను వంట మానేసి దాని వెనకే తిరగాలి. తిరగలేదు.

మూడో రోజు కోడి మేత ముట్టలేదు. కళ్లు మూసుకుని గంపలో కూర్చుంది. మెడ కింద మేత నిలిచే సంచి నిమ్మకాయంత గట్టిపడింది. నోరు తెరిస్తే పుల్లటి కంపు. నాకు మొదట ఒళ్లు మండింది. ఇన్నేళ్లూ ఆమె దగ్గర గుండ్రాయిలా ఉండి, నా చేతికొచ్చిన మూడో రోజే మంచం పడుతుందా? అత్తాకోడీ కలిసి నన్ను సాధించడానికే ఈ పన్నాగం పన్నారని కూడా అనుమానం వచ్చింది.

కూరగాయల సంచిలో పెట్టుకుని, తబేలాలో బర్రెలను చూసే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన సంచిలోకి తొంగిచూసి నవ్వాడు. "కాట్ కే ఖా లో, భాభీ" అన్నాడు. కోసుకుని తినేయమని.

"నీ బర్రెకు జరమొస్తే కోసుకుంటున్నవా? సదువుకున్నోనివేనా నువ్వు?" అని తెలుగులోనే కడిగేశాను. ఆయనకు మాట అర్థం కాకపోయినా గొంతు అర్థమైంది. గోరువెచ్చని నూనె చుక్కలు చుక్కలుగా నోట్లో పోసి, మెడ కింది సంచిని మెల్లగా పిసకమని చెప్పి పంపాడు.

ఇంటికొచ్చేసరికి కరెంటు పోయింది. సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో ఒళ్లో ఉన్న కోడి గురగుర మొదటిసారి వినపడింది. నాకు చచ్చేంత భయమేసింది. అత్త తిడుతుందని మాత్రమే కాదు. అబద్ధమెందుకు, ఆ కోడి పోతుందనే భయమేసింది.

మా అమ్మకు ఇలాంటప్పుడు ఒకే మాట వచ్చేది. మాలో ఎవరికి జ్వరమొచ్చినా గుడివైపు తిరిగి దండం పెట్టి, "పోచమ్మ తల్లీ, నా పిల్ల లేస్తే మా ఇంట్ల కోడిని నీకిస్త" అనేది. ఊళ్లో మా ఇంటి చుట్టూ పది కోళ్లు తిరిగేవి కనుక ఇబ్బంది లేదు. నాకూ ఆ మాటే నోటికొచ్చింది. పిల్ల అన్న చోట కోడి అని మార్చానంతే.

"పోచమ్మ తల్లీ, ఈ కోడి లేస్తే మా ఇంట్ల కోడిని నీకిస్త!"

గట్టిగానే అన్నాను. మనసు కాస్త కుదుటపడింది. గుమ్మం ముందు బట్టలారేస్తున్న పక్కింటి వదిన తడిచీర చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఏ కోడిని?" అంది.

ఇల్లంతా చూశాను. ఒక్కటే ఉంది.

కరెంటు లేదు కాబట్టి నా భర్త ఇంటికొచ్చాడు. కోడి నోరు తెరిచి చూశాడు. నాలుక పక్కన దారం కొస కనపడింది. ఇంట్లో మంచినీళ్ల గ్లాసు కూడా తనంతట తీసుకోని మనిషి, ఆ కొస చూడగానే నేల మీద చతికిలబడి వేళ్లకు నూనె రాసుకున్నాడు.

"నువ్వు కిందికెల్లి మెల్లగ ఒత్తు. నేను కొస పడ్త. తెగిందంటే కత ఖతం."

నేను ఒత్తుతుంటే దారం జానెడు వచ్చింది, మళ్లీ జానెడు వచ్చింది. కరెంటు లేక ఖాళీగా ఉన్న కూలీలందరూ మా గుమ్మం దగ్గరే చేరారు. కోడి బతుకుతుందా అని ఒక్కరూ అడగలేదు. ఏం దారమది, ఎవరి కార్ఖానాది అని వాదన. ఒకాయన బయటికొచ్చిన ముక్క కాస్త తెంపి అగ్గిపుల్ల అంటించాడు. ముడుచుకుని పూసలా గట్టిపడింది. "పాలిస్టర్! మనది నూలు. ఇది వెనక గల్లీది" అని తేల్చారు. మా కార్ఖానా పరువు దక్కింది.

చివరికి చిక్కుపడ్డ ముద్ద ఒకటి బయటపడింది. కోడి తల విదిలించి, నా భర్త మోకాలి మీద రెట్టవేసింది. మర్నాడు నానిన జొన్నలు నాలుగు తింది. నేను ఏడ్చేశాను. ఏడుపు తగ్గాక మొక్కు గుర్తొచ్చింది.

అత్త బస్సు దిగి సంచి కింద పెట్టకముందే వదిన అంతా చెప్పేసింది. అత్త కోడిని ఒళ్లో పెట్టుకుని వింది.

"నిజాంపురా బజార్ల ఇంకో కోడిని తెచ్చి ఇద్దాం" అన్నాడు నా భర్త.

"మా ఇంట్ల కోడి అన్నది. బజార్ల కోడి అన్నదా?"

"నాల్గు దినాలు ఇంట్ల ఉంచితే ఇంటిదే అయితది గదా!"

"పోచమ్మకు కండ్లు లేవారా?"

తర్వాత రెండు రోజులు కోడి గంప దగ్గరికి నన్ను రానివ్వలేదు. ఆదివారం పొద్దున తలస్నానం చేసి, కోడిని పట్టుకుని పోచమ్మ గుడికి రమ్మంది. దారి పొడుగునా "అత్తా, వద్దే" అని బతిమాలుతూనే ఉన్నాను. నా చంకలో కోడి హాయిగా అటూ ఇటూ చూస్తోంది. గుడి ముందు కోళ్లు కోసే మనిషి కత్తి కడుక్కుని కూర్చున్నాడు. అత్త అతన్ని దాటుకుని నేరుగా లోపలికి వెళ్లింది. పక్కింటామెతో మాట్లాడినట్టు అమ్మవారితో మొదలుపెట్టింది.

"తల్లీ, ఇగో, మా కోడలు మాటిచ్చిన కోడి. తెచ్చి సూపిచ్చిన. ఇగ ఇది నీదే, మా ఇంట్ల ఉంటది. దీని పానానికి బదులు నా నోరు కట్టుకుంటున్న. ఈ దినం సంది కోడికూర ముట్ట."

ఆదివారం కోడికూర వండితే, గుండెకాయ, కార్జం ఇంకొకరి కంచంలో పడకుండా పొయ్యి దగ్గరే కాపలా కూర్చునే మనిషి ఆమె.

నిజంగానే ముట్టలేదు. ప్రతి ఆదివారం పప్పన్నం తింటూ, మసాలా మాడిందని వాసనను బట్టే కనిపెట్టి నన్ను తిట్టేది. మూడేళ్లకు కోడి ముసలిదై చచ్చిపోయింది. కొన్నాళ్లాగి ఒక ఆదివారం ఆమె కంచంలో రెండు ముక్కలు వేశాను.

"కోడే పోయింది, ఇగ మొక్కెక్కడిది? తిను అత్తా."

కంచం పక్కకు జరిపింది. "కోడి కోసం కట్టుకున్ననా నేను? మాట తప్పినవని తల్లి నీ మీద కోపం జెయ్యద్దని కట్టుకున్న. నువ్వింక బతికే ఉన్నవ్ గదనే. పప్పెయ్యి."