ఏం చెప్పాలన్నా నాకు చెప్పమన్న టీచరుగారు

మా హిందీ టీచరుగారు గుండెపోటుతో పోయారని పాత క్లాసు వాట్సాప్ గ్రూపులో చూశాను. బాపట్లలో ఆఫీసుకు బయలుదేరుతున్న వేళ. సంతాపాల మధ్య ఎవరో నవ్వే బొమ్మ పెట్టారు. రెండు నిమిషాల్లో తీసేశారు గానీ అప్పటికే అందరం చూశాం. ఎవరూ ఏమీ అనలేదు. నేనూ అనలేదు. ఆవిడ విషయంలో ఊరుకోవడం నాకు కొత్త కాదు.

ఆవిడ రోజూ రేపల్లె నుంచి పాసింజర్‌లో తెనాలి వచ్చి మా బళ్ళో చెప్పేవారు. పాఠం పది నిమిషాల ముందే ముగించి, "ఇప్పుడు ఫోన్ల సంగతి" అనేవారు. కొత్తగా ఎవరు పలకరించారు, ఏం పంపమన్నారు, అన్నీ అడిగేవారు. మేం వెనక బెంచీల్లో నవ్వుకునేవాళ్ళం. మా నవ్వు అయ్యేదాకా కళ్ళజోడు తుడుచుకుంటూ ఆగేవారు.

పదో తరగతిలో నాకు ఇన్‌స్టాలో ఒక అక్క పరిచయమైంది. పేరాల ఊళ్ళో నేత చీరలు అమ్ముతానంది. "నీకు లంగా ఓణీ బాగుంటుంది చెల్లీ, ఫొటోలు పంపు, మా పేజీలో పెడతా" అంది. నెల రోజులు పంపాను. ఒకరోజు నా మొహాన్ని ఇంకెవరి ఒంటికో అతికించిన ఫొటో నాకే వచ్చింది. చెప్పినట్టు వినకపోతే మీ నాన్నకు పంపిస్తానని కింద రాసి ఉంది.

మూడు రోజులు అన్నం సయించలేదు. నాలుగో రోజు స్టాఫ్ రూములో ఆవిడ ముందు నిలబడి ఏడ్చాను. ఆవిడ తిట్టలేదు. ఆ ఫొటో చూపించమని కూడా అడగలేదు.

"ఒక్కటీ చెరపకు. అన్నీ స్క్రీన్‌షాట్ తీసి దాచు. వాడికి జవాబివ్వకు. ఏం చెప్పాలన్నా నాకు చెప్పు."

"మా నాన్న చంపేస్తాడు టీచర్."

"నేనొచ్చి మాట్లాడతాగా. తప్పు చేసింది వాడు, నువ్వు కాదు."

ఆ సాయంత్రం రైలు వదులుకుని మా ఇంటికొచ్చారు. నాన్నను ఒప్పించి పోలీస్ స్టేషన్‌కు తీసుకెళ్ళారు. పదిహేను రోజులకు దొరికాడు. అక్కా లేదు, చీరలూ లేవు. మాకు రెండు వీధుల అవతల పెద్దింటి అబ్బాయి, డిగ్రీ చదువుతున్నాడు.

వాడి స్నేహితులు ఊరుకోలేదు. ఈసారి ఆవిడ మొహం అతికించారు. యాభైకి దగ్గర పడిన మనిషి ఫొటో, మధ్యాహ్నం భోజనాల వేళకు ఊళ్ళో గ్రూపులన్నీ తిరిగింది. అబద్ధమని తెలిసే పంపుకున్నారు. ఇది చదువుతున్నవాళ్ళలో ఆ ఫొటో చూసినవాళ్ళు ఉండవచ్చు. ఆవిడను తీసేయమని తల్లిదండ్రులు కాగితం రాసి బళ్ళో ఇచ్చారు. మా నాన్న కూడా సంతకం పెట్టాడు.

"నువ్వెలా పెట్టావు నాన్నా?"

"పెట్టకపోతే ఎందుకు పెట్టలేదని అడుగుతారమ్మా. నీ సంగతి బయటికొస్తుంది."

నాకూ అదే భయం.

ఆవిడ ఉద్యోగం పోయిన వారంలో తెనాలి స్టేషన్లో ఎదురుపడ్డారు. తల దించుకున్నాను. ఆ కాగితం ఆవిడకు చూపించే ఉంటారు.

"పాస్‌వర్డులు మార్చావా?" అన్నారు.

"మార్చాను టీచర్."

"మంచిపని" అని రైలెక్కారు. ఆవిడ నాతో అన్న ఆఖరి మాట అది. నేను చదువుకున్నానన్నా, ఉద్యోగం చేస్తున్నానన్నా ఆవిడ వల్లే. ఆ మాట ఒక్కసారి కూడా ఆవిడకు చెప్పలేదు.

చిన్నకర్మ నాడు రేపల్లె వెళ్ళాను. మా బడి నుంచి వచ్చింది నేనొక్కదాన్నే. తెనాలి మాట ఇక్కడికీ చేరి, ట్యూషన్‌కు ఎవరూ పిల్లల్ని పంపలేదని ఆవిడ చెల్లెలు చెప్పింది. అయినా ఎక్కడెక్కడి ఆడపిల్లలో నంబరు తెలుసుకుని మెసేజీలు పెడుతూనే ఉండేవారట. లోపలికెళ్ళి ఆవిడ ఫోను తెచ్చి నా చేతికిచ్చింది.

"ఎవరో పిల్లమ్మా. అక్క పోయిన రోజు నుంచీ పెడుతోంది. నాకేం చెప్పాలో తెలియలా."

ఆ పిల్ల మెసేజీలు తెరిచి చదివాను.

"టీచర్, ఉన్నారా?"

"రేపటిలోపు వినకపోతే మా అన్నయ్యకు పంపుతానంటున్నాడు."

"టీచర్, ప్లీజ్."

చివరిది ముందురోజు పొద్దుటిది. నంబరుకు చేస్తే స్విచాఫ్. పేరు లేదు, ఫొటో లేదు. నేనెవరో చెప్పి, ఎక్కడున్నావో చెప్పమ్మా, వస్తానని నా ఫోను నుంచి వాట్సాప్‌లో రాశాను. అందినట్టు రెండో టిక్కు పడలేదు. నంబరు తీసుకెళ్ళి పోలీసులకిచ్చి, బాపట్ల బస్సెక్కాను.

దారి పొడుగునా ఎండ. ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. బస్సు బాపట్ల చేరింది, అందరూ దిగారు. నా మెసేజీ పక్కన ఇంకా ఒక్క టిక్కే ఉంది.