దానంతటదే

సముద్ర జీవుల పరిశోధన కేంద్రంలో ఇరవై రెండేళ్ళుగా తొట్లు చూసుకునే ఆవిణ్ణి అందరూ తొట్లక్క అంటారు. అసలు పేరు జీతం కాగితం మీద ఉంటుంది, అక్కడే ఉంటుంది. ఉప్పునీళ్ళు మార్చడం, గాలి గొట్టాలు చూడడం, పొద్దున్నే చచ్చినవాటిని ఏరేసి రిజిస్టర్‌లో రాయడం ఆవిడ పని. రిజిస్టర్‌లో చివరి గడి "ఎలా చచ్చింది" అని. ఆ గడి నిండా ఇరవై రెండేళ్ళుగా ఒకటే మాట: దానంతటదే. చేపయినా, పీతయినా, నత్తయినా దానంతటదే. ఆ రిజిస్టర్ చదివినవాళ్ళకి, సముద్రంలో ఎవరూ ఎవరి జోలికీ పోరని, అందరూ మర్యాదగా పడుకుని ప్రాణం వదుల్తారని అనిపిస్తుంది.

ఆ మాట ఆవిడకి ఇంట్లోనే అలవాటైంది. చిన్నప్పుడు తండ్రి బెల్టు తీశాడంటే ఆవిడ ముందు తమ్ముణ్ణి వెతికేది. వాణ్ణి మంచం కిందకి తోసేసి, తను ఎదురెళ్ళి వాడి వంతు దెబ్బలు కూడా తినేది. వీపు మీద వాతలు చూసి పక్కింటివాళ్ళు అడిగితే, మెట్ల మీంచి పడ్డానని చెప్పేది. మెట్ల మీంచి పడితే అలాంటి వాతలు తేలవని వాళ్ళకీ తెలుసు. అడిగామనిపించుకుని ఊరుకునేవాళ్ళు. తండ్రి పోయాక తమ్ముణ్ణి తనే కడుపులో పెట్టుకుని పెంచింది, పెళ్ళి ఊసే ఎత్తలేదు. వాడు పెరిగి, అదే కేంద్రంలో నీళ్ళలోకి దిగి జీవాల్ని పట్టుకొచ్చే పనిలో చేరాడు. వాడి చేతి నేర్పు చెప్పుకోదగ్గది. గోరంత నత్తని కూడా నలగకుండా తెస్తాడు. ఆ చెయ్యే ఇంటికెళ్ళి పెళ్ళాం ఒళ్ళు హూనం చేస్తుంది.

మరదలు నోట్లో నాలుక లేని మనిషి. నాలుగేళ్ళలో మూడుసార్లు ఆస్పత్రి పాలైంది. ఒకసారి మణికట్టు, ఒకసారి పక్కటెముకలు, ఒకసారి తల. మూడుసార్లూ తమ్ముడు అక్కకే ఫోన్ చేశాడు. మూడుసార్లూ తొట్లక్క పరుగున వెళ్ళి, డాక్టరమ్మ అడిగీ అడక్కముందే, తనంతట తనే పడిపోయిందండీ అని చెప్పేసింది. మూడోసారి డాక్టరమ్మ తలకి కట్టు కడుతూ, ఇంకోసారి ఇలా పడితే ఈ పిల్ల బతకదు, తర్వాత మీ ఇష్టం అంది. తొట్లక్కకి వారం రోజులు తిండి సహించలేదు. అయినా వాడు తమ్ముడు. కోపమొక్కటే తప్ప ఏ చెడ్డ అలవాటూ లేదని తనకి తనే సర్దిచెప్పుకుంది. ఆ ఒక్కటీ చాలదూ మనిషిని చంపడానికి?

అలా ఉండగా తమ్ముడు పగడపు దిబ్బల దగ్గర్నుంచి గుల్ల లేని సముద్రపు నత్తనొకదాన్ని తెచ్చాడు. చూపుడు వేలంత పొడుగు. ఒళ్ళు పలుచని తెలుపు, దాని మీద నారింజ రంగు పొక్కులు, వీపు మధ్యన పువ్వులా విచ్చుకున్న మొప్పలు. చూడముచ్చటగా ఉంది. కేంద్రంలో పరిశోధన చూసే మేడమ్ పుస్తకం తిరగేసి, ఆ పొక్కులే ఉన్న బొమ్మ ఒకటి చూసి, ఇది సముద్రం అడుగున పెరిగే స్పాంజి జీవాల్ని తినే రకమని తేల్చింది. అదే మేత మేసే నీలం నత్తలు నాలుగో తొట్టిలో పన్నెండున్నాయి, వాటితో కలిపెయ్యమంది. తొట్లక్క కలిపేసింది.

మర్నాటికి నీలంవి పదకొండయ్యాయి. ఆ మర్నాటికి పది. రోజుకొకటి తగ్గుతోంది, రిజిస్టర్‌లో రోజుకొక దానంతటదే చేరుతోంది. ఆరోది కూడా రాశాక మేడమ్ ఆ పేజీ చూసింది.

"చచ్చాయి సరే. శవాలేవి?"

తొట్లక్క తొట్టి అడుగుకేసి చూసింది. దానంతటది చచ్చినది ఎక్కడికి పోతుంది? తొట్టి అడుగునే పడి ఉండాలి, నీళ్ళు కంపు కొట్టాలి. ఆరింటిలో ఒక్కదాని ముక్క కూడా తన వలలోకి రాలేదు. చేత్తో ఏరకుండానే చచ్చాయని రాసేసింది. ఇరవై రెండేళ్ళ పనిమంతురాలికి అది సిగ్గుచేటు.

వెంటనే మిగతా పనులు పక్కన పెట్టి, స్టూలేసుకుని నాలుగో తొట్టి ముందు కూర్చుంది. గంటన్నర దాకా ఏమీ జరగలేదు. తర్వాత తెల్లది కదిలింది. నీలం నత్త ఒకటి నడిచిన దారిలో జిగురు చార మిగిలి ఉంది. తెల్లది ఆ చారకి మూతి ఆనించి, అది మలుపు తిరిగిన చోటల్లా తనూ తిరుగుతూ వెనకే బయల్దేరింది. తొందరేమీ లేదు. ఎక్కడికి పోతుందిలే అన్న ధీమా. మూతికి తోక తగిలిందో లేదో, లోపలి గొంతు చొక్కా చెయ్యి తిరగేసినట్టు బయటికొచ్చి నీలందాన్ని పట్టేసింది. అది మెలికలు తిరిగింది, మొప్పలు ముడుచుకుంది, తెల్లటి విషం కక్కింది. తెల్లది ఖాతరు చెయ్యలేదు, గుటకలు వేస్తూ లోపలికి లాక్కుంది. సగం ఒళ్ళు మింగుడుపడ్డాక కూడా నీలందాని కొమ్ములు బయట కదులుతూనే ఉన్నాయి. పది నిమిషాల్లో అవీ పోయాయి. తెల్లదాని పలుచని పొట్టలోంచి నీలం రంగు కనిపిస్తూనే ఉంది.

భూతద్దం తెచ్చి చూసింది. స్పాంజి తినే రకానికి ఒంటి చుట్టూ పావడా అంచులా ఒక చర్మం వేలాడుతుంది. దీనికది లేదు. పుస్తకంలో ఇంకో నాలుగు పేజీల అవతల అసలు బొమ్మ దొరికింది. అవే పొక్కులు, అదే తెలుపు, నోటి నిండా కొక్కేల్లాంటి పళ్ళు, మేత మాత్రం తోటి నత్తలు. తీసుకెళ్ళి చూపిస్తే, మేడమ్ తను పొక్కులు చూసి మోసపోయానని ఒప్పుకుంది. ఆ ఆరు మాటలూ కొట్టేసి, ఎవరు తిన్నారో రాయమంది. తొట్లక్క ఆరు గీతలు గీసింది. తెల్లనత్త తినేసింది అని ఆరుసార్లు రాసింది. కళ్ళెదుటే పోయిన ఏడోదానికీ అదే రాసింది.

మధ్యాహ్నం తమ్ముడి ఫోనొచ్చింది.

"అక్కా, ఇది మళ్ళీ పడింది. నువ్వొకసారి వచ్చి చెప్పేస్తే అయిపోతుంది."

ఆస్పత్రిలో మరదలి దవడ విరిగి పక్కకి ఒరిగి ఉంది. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. మెడ మీద వేళ్ళ అచ్చులు ఐదూ తేలి ఉన్నాయి. డాక్టరమ్మ కాగితం తీసి, ఎలా జరిగిందని తొట్లక్కనే అడిగింది. అందరికీ అదే అలవాటైపోయింది. తమ్ముడు గోడకి చేరగిలబడి ఫోన్ చూసుకుంటున్నాడు. ఆ ధీమాని తొట్లక్క పొద్దున్నే చూసి ఉంది.

"వీడు కొట్టాడండీ. ఇంతకుముందు మూడుసార్లూ వీడే. నేను అబద్ధం చెప్పాను, అది కూడా రాసుకోండి."

తమ్ముడు తలెత్తాడు. అక్క వేళాకోళమాడుతోందనుకుని నవ్వబోయాడు. ఆ నవ్వు పూర్తి కాకుండానే ఆవిడ జుట్టు పట్టుకుని, తలని మంచం ఇనుప కమ్మీకేసి కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. ముందు పళ్ళు రెండు రాలి కిందపడ్డాయి. ఆవిడ కూలబడితే డొక్కలో తన్నాడు. డాక్టరమ్మ అరుపులకి ఇద్దరు వార్డు మనుషులు పరిగెత్తుకొచ్చి మీద పడ్డారు. వాడు ఒకడి ముక్కు పగలగొట్టాడు. మూడో మనిషి వస్తేగానీ లొంగలేదు. బోర్లా పడేసి వీపు మీద మోకాలేసి నొక్కితే, చెంప నేలకి ఆనించి, ఏడుస్తూ అక్కనే పిలిచాడు.

"నేనేం చెయ్యలేదని చెప్పక్కా. నువ్వు చెప్తే వింటారు."

నోట్లోంచి రక్తం కారుతుంటే తొట్లక్క వాడి ముఖం చూసింది. వాడి మీద ప్రేమ అప్పటికీ చావలేదు, అదే ఆవిడ ఖర్మ. పోలీసు వచ్చి, వీడు మీకేమవుతాడని అడిగాడు. నా తమ్ముడు, నేనే పెంచాను అంది. అడిగినవన్నీ దాచకుండా చెప్పి సంతకం పెట్టింది.

వాణ్ణి తీసుకెళ్ళాక, మంచం పట్టుకుని లేచి మరదలి పక్కకొచ్చింది. క్షమించమని అడుగుతున్నట్టుగా మరదలి చెయ్యి పట్టుకుంది. మరదలు తెరుచుకుని ఉన్న ఆ ఒక్క కంటితో ఆవిణ్ణి చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా తన చెయ్యి వెనక్కి లాక్కుని దుప్పటి కింద పెట్టేసుకుంది. తమ్ముడు అంత కొట్టినా ఏడవని తొట్లక్కకి అప్పుడు ఏడుపు ఆగలేదు. మరదలు చేసింది న్యాయమేనని ఆవిడకి తెలుసు. కుర్చీ కాస్త దూరంగా జరుపుకుని, వెళ్ళిపోకుండా అక్కడే కూర్చుంది.